సూదులాయన, రెండు మైనపు గొట్టాలు

ఆదివారం పాత సామాన్ల సంతలో అందరూ ఆయన్ని సూదులాయన అనేవారు. మొదట్లో గ్రామఫోను సూదుల డబ్బాలు ఏరుకునేవాడు కాబట్టి ఆ పేరు పడింది. తర్వాతి ముప్ఫై ఏళ్లలో ఆయన సూదులు దాటి చాలా దూరం వెళ్లాడు గానీ, పేరు మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఉద్యోగం అచ్చాఫీసులో. యంత్రాలు ఆగిపోతే లేపి నడిపించే మెకానిక్కు. గోళ్ల కింద సిరా, జేబులో స్క్రూడ్రైవరు. ఆయనకు గ్రామఫోన్లు అక్కర్లేదు, రికార్డులు అంతకన్నా అక్కర్లేదు. వాటికి తగిలించుకునే సామాను కావాలి. వెదురు సూదికి మళ్లీ మొన తేల్చే కత్తెర, పాట అయిపోగానే పళ్లేన్ని ఆపే బ్రేకు, తిరిగే పళ్లెం మీద గెంతే రేకు బొమ్మ, ముల్లును మళ్లీ పాట మొదటికి తెచ్చిపెట్టే ఇనుప చెయ్యి. వాటితోపాటు వచ్చిన కాగితాలూ కావాలి. ఎలా బిగించాలో చెప్పే కరపత్రం, గ్యారంటీ చీటీ, దుకాణం ముద్ర ఉన్న కవరు, నాలుగు మడతల ధరల పట్టిక.

"లోకమంతా ఏనుగుని కొనుక్కుంటే మా ఆయన తోకలు ఏరుకొస్తాడు" అనేది భార్య, వచ్చినవాళ్లందరితో. ఆ తోకలకు ఇంట్లో ఒక గది పోయింది. ఆ గదిలో తుడిచేదీ ఆవిడే.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఒక వస్తువుకు ఒక రేకు డబ్బా. వస్తువూ కాగితమూ ఒకే చోట ఒకేసారి దొరికితే డబ్బా మీద ఎర్ర పెన్సిల్‌తో 'జంట' అని రాసేవాడు. వేరువేరుగా దొరికితే 'విడి'. విడిగా దొరికినవాటిని ఎన్నడూ ఒక డబ్బాలో పెట్టలేదు.

"రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి. పక్కపక్కన పెడితే ఎవడికి తెలుస్తుంది సార్?" అని సంతలో పాత గడియారాలు అమ్మే ముసలాయన ఒకసారి వాదించాడు.

"నాకు తెలుస్తుందిగా."

"మీకు తెలిస్తే ఏం నష్టం? మీరు మీమీద కేసు పెట్టుకుంటారా?"

"పెళ్లి కానివాళ్లని పక్కపక్కన నిలబెట్టి పెళ్లి ఫొటో తీసినట్టుంటుందయ్యా."

"ఫొటో బాగుంటే పెళ్లి అదే అవుతుంది లెండి" అన్నాడు గడియారాలాయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సూదులాయన నవ్వలేదు.

ఉద్యోగం నుంచి దిగిన పదో ఏడు, మామగారి దుకాణం అటక మీంచి ఒక చెక్కపెట్టె దిగింది. మామగారు పోయి ఎన్నో ఏళ్లయింది. బతికుండగా ఆయన గడియారాలు, ఫోనోగ్రాఫులు బాగుచేసేవాడు. ఆ దుకాణం అద్దెకు తీసుకున్న దర్జీ, అటక మీద చెదలు పట్టాయని అంతా ఖాళీ చేయిస్తుంటే పెట్టె బయటపడింది. "లోపల కూడా దులిపి, తుడిచి తెచ్చామండీ" అన్నాడు దర్జీ, మెప్పు కోసం.

పెట్టెలో మూడు రకాల సరుకుంది. పళ్లెం రికార్డులకు ముందు వాడిన మైనపు గొట్టాల మీద గొంతును చెక్కే డబ్బీ ఒకటి. వాడిన గొట్టాన్ని పైపైన చెక్కి మళ్లీ నున్నగా చేసే అటాచ్‌మెంటు ఒకటి. నీలపురాయి అంచున్న ఆ గీకుడు సామాను కోసం సూదులాయన ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నాడు. మూడోది, అట్ట డబ్బాల్లో రెండు మైనపు గొట్టాలు. డబ్బాల మూతల మీద మామగారి చేతిరాత చీటీలున్నాయి. ఒకదాని మీద 'ఇంటి మాట'. రెండోదాని మీద 'గీసినది, ఖాళీ'.

ఇంటి మాట అంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. భార్యకు ఆర్నెల్లప్పుడు, ఆవిడ అక్కకు ఆరేళ్లప్పుడు తల్లి పోయింది. పోవడానికి కొన్ని వారాల ముందు, కొనేవాళ్లు లేక దుకాణంలో మిగిలిపోయిన పాత యంత్రం ముందు కూర్చోబెట్టి తండ్రి ఆమె చేత మాట్లాడించాడు. ఆమె పోయాక ఆ గొట్టాన్ని ఆయన మళ్లీ పెట్టలేదు, ఎక్కడుందో చెప్పలేదు. అక్క మాత్రం ఆ రోజు బల్ల మీద కూర్చుని అంతా చూసింది. "చివర్లో అమ్మ నిన్ను పిలిచిందే. పిచ్చుకా, పిచ్చుకా అని రెండుసార్లు" అని చెల్లెలికి చిన్నప్పటినుంచి చెబుతూనే ఉంది. చెల్లెలికి తల్లి అంటే ఆ రెండు పిలుపులే.

అక్క హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. డెబ్బై దాటింది. కబురు వినగానే ఫోన్ చేసింది. "ఏం మరిదీ, మోగుతుందా అది?"

"చూడాలి వదినగారూ. ఆదివారం పొద్దున రండి. మీరు లేకుండా పెట్టను."

ఆ మాట ఊరికే అన్నది కాదు. మెత్తటి మైనం, ముల్లు తిరిగిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. పెడితే ఒక్కసారే, అందరూ కూర్చున్నప్పుడే పెట్టాలి. అందుకే సామాను పరీక్షించడానికి ఇంట్లో ఉంచుకున్న ఒక్క ఫోనోగ్రాఫు వేగం, ముల్లు బరువు ముందే సరిచూసుకోవాలనుకున్నాడు. శనివారం మధ్యాహ్నం ఖాళీ అని రాసి ఉన్న గొట్టం తీశాడు. దాని నిండా తుడిచినా వదలని తెల్లటి బూజు. కొత్తగా దొరికిన అటాచ్‌మెంటు బిగించి దాన్ని గీశాడు. వెంట్రుకంత సన్నగా మైనపు పోగులు లేచి పళ్లెంలో పడ్డాయి. నున్నబడ్డాక, గొంతు చెక్కే డబ్బీ తగిలించి దాని మీద తన గొంతుతో అంకెలు చదివి, మళ్లీ పెట్టి విన్నాడు. వేగం సరిపోయింది. పని కుదిరినందుకు ఆ సాయంత్రం సంతోషంగా ఉన్నాడు.

ఆదివారం అక్క ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. చెల్లెలు కుర్చీని యంత్రం కొమ్ముకు దగ్గరగా జరుపుకుంది. ఆయన 'ఇంటి మాట' గొట్టం ఎక్కించి ముల్లు దించాడు. గొట్టం తిరిగిన రెండు నిమిషాలూ సన్నటి సరసర తప్ప ఏమీ లేదు. మనిషి గొంతు అరక్షణం కూడా లేదు. గొట్టాన్ని తీసి భూతద్దం కింద కిటికీ వైపు తిప్పి చూశాడు. గాట్లు లేవు. అది ఏనాడూ మాట ఎరగని గొట్టం.

"అరిగిపోయి ఉంటుందిలే" అంది అక్క. "ఇన్నేళ్లు ఎక్కడుంటుంది? మన పిచ్చి గానీ." కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది, దర్జీ అన్న మాట. దులిపి, తుడిచి తెచ్చాం. రెండు డబ్బాలూ తెరిచి తుడిచినవాడు మూతలు తిరిగి పెట్టేటప్పుడు చీటీలు చదవడు. గొట్టాల డబ్బాలకు మూతలు తారుమారవుతాయని సంతలో కనపడ్డవాడికల్లా చెప్పింది ఈయనే. మూతను నమ్మకండి, గొట్టాన్ని చూడండి అని. మామగారి పెట్టె, మామగారి రాత, మూసిన అటక అనుకునేసరికి చూడటం మానేసి చదవడంతో సరిపెట్టుకున్నాడు. భూతద్దం ఆ శనివారం కూడా జేబులోనే ఉంది.

భార్య గదిలోకి వచ్చి పళ్లెంలోని మైనపు పోగులు చూసింది. ఎత్తి పారబోయబోయి ఆగింది. తోకల మధ్య ముప్ఫై ఏళ్లు బతికిన మనిషి, ఏ సామాను ఏం చేస్తుందో ఆవిడకు తెలుసు.

"అమ్మ మాట అదేనా?" అంది.

"అదే."

ఆవిడ మంచం పట్టీ మీద కూర్చుంది. తిట్టలేదు. తర్వాత లేచి, పై అరలోంచి ఒక డబ్బా దించింది. ఎప్పుడో కొన్న సామానులో అడుగున వచ్చిన గొట్టం అది. ఎవరో ఆడమనిషి, పిల్లలకు చెప్పే లెక్కల పాట.

"ఇది పెట్టి వినిపించండి అక్కకి. వేరే గొట్టం దొరికిందనండి."

"ఎవరి గొంతో తెలీదు."

"అమ్మ గొంతు మాత్రం మాకు తెలుసా ఏంటి? ఏ ఆడగొంతు విన్నా ఏడుస్తుంది అక్క. ఏడ్చి నిమ్మళిస్తుంది."

"నేను చెయ్యలేను."

"ఆవిడ నాకూ అమ్మేనండీ" అంది భార్య. "నిజం నేనే వద్దనుకుంటున్నాగా. మీకేం?"

సోమవారం పొద్దున ఆయన రెండు గొట్టాలూ, మైనపు పోగులు మడిచిన పొట్లమూ సంచిలో పెట్టుకుని, బస్సెక్కి వదినగారింటికి వెళ్లాడు. గుమ్మంలోనే మొదలుపెట్టాడు. కూర్చోమన్నా కూర్చోకుండా మొత్తం చెప్పాడు. బూజు, మూత, జేబులో భూతద్దం, ఏదీ దాచలేదు.

ఆవిడ పొట్లం విప్పింది. గోధుమరంగు పోగులు ఫ్యాను గాలికి కదిలాయి. గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు చెప్పకపోతే అరిగిపోయిందనే అనుకునేదాన్ని."

"అందుకే వచ్చాను వదినగారూ."

"ఏం సుఖం కలిగిందయ్యా నాకు, నువ్వొచ్చి?"

ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ లేచి ఫ్యాను ఆపింది. మళ్లీ వచ్చి కూర్చుంది.

"సరే, నువ్వు చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. ఆ రోజు అమ్మ ఏం మాట్లాడిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. కొమ్ము గుర్తుంది. ఆవిడ జడ గుర్తుంది. పిచ్చుకా అని పిలిచిందన్నది మాత్రం నేను కల్పించాను. అప్పటికి చెల్లెలికి నాలుగేళ్లు. అమ్మ నా గురించి ఏమందే అని రోజూ ప్రాణం తీసేది. ఒకరోజు అలా అనేశాను."

ఆయన తలెత్తాడు.

"నిన్న ఆ ముల్లు దించుతుంటే నా గుండె ఎలా కొట్టుకుందో తెలుసా? అందులో అమ్మ దాని పేరెత్తకపోతే నా పరిస్థితి ఏంటి?" అంది. "నీ మీద కోపం లేదని అనను. ఉంది. చచ్చేదాకా ఉంటుంది. కానీ ఈ మాట చెల్లెలి దాకా వెళ్లకూడదు."

"అడిగితే?"

"అడగదు. అరవై ఏళ్లుగా తెలిసిన మాట, ఎందుకడుగుతుంది?"

ఆయన మాటివ్వలేదు, కాదనీ అనలేదు. గొట్టాలు ఆవిడ దగ్గరే ఉండిపోయాయి. తర్వాత ఆవిడ ఒక ఏడాది వాళ్లింటికి రాలేదు. చెల్లెలే వెళ్లి వస్తుండేది. ఆయన ఆ చలికాలమంతా డబ్బాలన్నీ కిందికి దించి, భూతద్దంతో మొదటినుంచి చూశాడు. 'జంట' అని రాసిన డబ్బాల్లో పదకొండు 'విడి'కి మారాయి. గీకుడు అటాచ్‌మెంటును గడియారాలాయనకు ఊరికే ఇచ్చేశాడు.

అక్క పోయిన మూడేళ్లకు భార్య కిడ్నీలు పాడై ఆస్పత్రిలో పడింది. ఒక మధ్యాహ్నం నర్సు సెలైన్ సీసా మార్చి వెళ్లాక, ఆవిడ కళ్లు తెరిచి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, ఒకటి అడుగుతాను. మీరు అబద్ధం ఆడరు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నా. అమ్మ నిజంగా నన్ను పిలిచిందంటారా? అక్క నా మనసు కోసం చెప్పిందా?"

ఆయన పక్క మంచం వైపు చూశాడు. ఆ మంచం ఖాళీగా ఉంది.

"పిలిచింది" అన్నాడు.

"మీరు వినలేదుగా."

"నేను వినలేదు. మీ అక్క విన్నది. నేను వెళ్లి చెప్పిన రోజు నాతో మళ్లీ అంది. రెండుసార్లు పిలిచిందని."

ఆవిడ సరేనన్నట్టు కళ్లు మూసుకుంది. చెయ్యి మాత్రం వదల్లేదు. సాయంత్రం డాక్టరు వచ్చి లేవమనేదాకా ఆయన ఆ స్టూలు మీదే కూర్చున్నాడు.