మసక నీళ్ళు, ఆడవాళ్ళ గంట

ఆడవాళ్ళ తలనూనె వల్లే స్విమ్మింగ్ పూల్ నీళ్ళు మసకబారాయని నర్సీపట్నంలో ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అబద్ధం. మా ఆయన కూడా అదే చెబుతారు. ఆయన ఏనాడూ ఆ పూల్ గేటు దాటింది లేదు.

ఊరి చివర ఒకాయన పూల్ కట్టించారు. పొద్దున్న, సాయంత్రం మగవాళ్ళకి. మధ్యలో పదింటి నుంచి పదకొండు దాకా ఆడవాళ్ళకి. మోకాళ్ళ డాక్టరు ఈదమన్నాక నేనూ చేరాను. నలభై తొమ్మిదేళ్ళకి పూల్ అంచు కడ్డీ వదిలేసి తేలడం వచ్చింది. రోజు మొత్తంలో మోకాళ్ళ గోల లేని గంట అదొక్కటే.

నెల తిరక్కుండా నీళ్ళు బియ్యం కడుగులా అయ్యాయి. యజమాని గేటుకి బోర్డు తగిలించారు: నీళ్ళు తేరే వరకు లేడీస్ బ్యాచ్ లేదు.

వెళ్ళి అడిగాను. "కొబ్బరినూనె మేడమ్," అన్నారు.

"మగాళ్ళు ఏం రాసుకుంటున్నారండీ, గ్రీజా?"

ఆయన ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నారు. అది మోగలేదు.

వారం గడిచింది. మేం దిగలేదు, నీళ్ళూ తేరలేదు. ఎనిమిదో రోజు తిన్నగా మోటారు గదికి వెళ్ళాను. ఫిల్టరంటే పెద్ద డ్రమ్ము, దాన్నిండా ఇసుక. పూల్ నీళ్ళు ఆ ఇసుకలోంచి దిగి మళ్ళీ పూల్‌లోకి పోతాయి. డ్రమ్ముకి ప్లాస్టిక్ కవర్లో ఇంగ్లీషు పుస్తకం వేలాడుతోంది. కవరు ఎవరూ విప్పలేదు. నేను చింపి చదివాను. నీళ్ళు వెనక్కి తిప్పి ఇసుకని కడగాలట, కానీ ప్రెషర్ మీటరు ముల్లు గీత దాటినప్పుడే. అస్తమానం కడిగితే సందులు పూడ్చే కాస్త మురికీ పోయి, ఇసుక సన్నమట్టిని ఆపలేదట.

ఫిల్టర్ చూసే పెద్దాయన కోటవురట్ల నుంచి వస్తారు. రోజుకెన్నిసార్లు కడుగుతారని అడిగాను.

"మూడుసార్లమ్మా. బేచ్ బేచ్‌కీ," అన్నారు, గర్వంగా.

"అన్నిసార్లు కడగమని ఎవరు చెప్పారు?"

"మీరే కదమ్మా! సేరిన రోజున, మగోలు దిగిన నీల్లలోకి మమ్మల్ని దింపుతారా, ఫిల్టర్ కడగడానికి ఏటి నొప్పి అని తిట్టేరు. ఆ రోజు నుంచి ఒక్క పూట మానలేదు."

నిజమే, తిట్టాను. బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన నోటితోనే తిట్టాను. అంతకుముందు వారానికోసారి కడిగేవారట. నీళ్ళూ బాగానే ఉండేవి.

యజమానికి పుస్తకం సంగతి చెప్పాను, తిట్టు సంగతీ చెప్పాను. లేకపోతే పెద్దాయన మీద పడేవారు.

"మురికి ఇసుకతో నీళ్ళు తేరతాయా మేడమ్?"

నాలుగు రోజులు కడగొద్దు, మోటారు ఆపొద్దు, ఆడవాళ్ళు దిగుతారు, ఐదో రోజు అడుగు కనపడకపోతే ఆ గంట ఇక మీరే ఉంచుకోండి అన్నాను. మా బ్యాచ్‌లో వాళ్ళనెవరినీ అడక్కుండానే అన్నాను. తర్వాత వాళ్ళు నన్ను అడిగిన తీరు వేరే సంగతి.

మూడో రోజుకీ మసకే. తేలుతున్నా చెవి మోటారు చప్పుడు మీదే ఉంది. అందరం నూనె తలలతోనే దిగాం. ఒకావిడైతే పంతానికి ఇంకాస్త ఎక్కువే రాసుకొచ్చింది. ఐదో రోజు పొద్దున అడుగున నీళ్ళు పోయే జాలీ కంతలు ఒక్కొక్కటీ కనిపించాయి.

బోర్డు తీసేశారు. ఆ చోటే కొత్తది పెట్టారు: లేడీస్ తలకి నూనె రాసుకుని రాకూడదు.

పెద్దాయన ఇప్పుడు ముల్లు చూసి కడుగుతున్నారు. నేను రోజూ పదింటికి వెళ్తున్నాను. యజమాని ఎదురుపడినప్పుడల్లా ఒకటే అడుగుతున్నాను. మాలో ఒక్కరం కూడా దిగని ఆ వారమంతా నీళ్ళు అలాగే ఉన్నాయి కదండీ, అప్పుడు ఎవరి నూనె అనుకున్నారు?