రేకు కేక

ఎండ గోడ దిగకముందే వీధిలో రేకు కేక లేస్తుంది. ఆ తర్వాతే గుమ్మంలో రేకుపెట్టెలు చేసే మేస్త్రి వంగిన వీపు కనిపిస్తుంది. పెట్టె పూర్తయ్యాక కూడా ఊరికే ఒక దెబ్బ వేసి, రేకుకు చెవి ఆనిస్తాడు. ఏడాదిగా ఆ దెబ్బ జోరు పెరుగుతోంది. అది తన మీద కక్షేననుకున్న మేడమీది ఇంగ్లీషు టీచరు ఇవాళ విసవిసా దిగివచ్చింది.

"దీన్నే కాకోఫనీ అంటారు మేస్త్రీ! గ్రీకులో కాకోస్ అంటే చెడ్డ, ఫోనే అంటే ధ్వని. నా చెవులు తూట్లు పడుతున్నాయి!"

అతను ఆమె పెదవులనే చూస్తూ, సుత్తిని మెల్లగా ఒళ్లో పెట్టుకున్నాడు.

"చెడ్డదే టీచరమ్మా. మా పిల్ల నాన్నా అంటే నోరు కదలడమే కనిపిస్తోంది. ఇన్నాళ్లూ ఈ మోతొక్కటే వినబడేది. ఇవాళ అదీ లేదు."