పావురం కోసం పోయిన పొద్దు

పదో తరగతి పిల్లలకు మెదడు బొమ్మ గీసి, ఎడమ సగం దెబ్బతింటే కుడి చెయ్యి పడిపోతుందని ఏటా పాఠం చెప్పేవాణ్ణి. చదవేస్తే ఉన్న మతి పోయిందనే సామెత నా కోసమే పుట్టి ఉంటుంది.

రెండువేల సంవత్సరం దాటిన రోజులవి. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట మా ఊరు. అక్కను ఊళ్లోనే ఇచ్చాం, వాళ్లదీ మాదీ ఒకే వాకిలి. ఒక పొద్దున ఎనిమిదింటికి అక్క బియ్యం కడుగుతూ పక్కకు ఒరిగిపోయింది. మూతి వంకర తిరిగింది, కుడి చెయ్యీ కాలూ లేవలేదు. యాభై కూడా నిండని మనిషి. బావ జీపు పిలవబోతుంటే అక్క అత్తగారు అడ్డం పడింది.

"దవాఖానా ఏడికి పోతది? ముందు పావురాన్ని తెచ్చి కొయ్యుండ్రి. వేడి నెత్తురు జల్దీ రుద్దకపోతే చెయ్యి రాదు."

"నే తెస్త" అన్నాను. నన్ను ఎవరూ పంపలేదు.

స్కూటరు మీద మూడు ఊళ్లు తిరిగాను. రెండు ఊళ్లలో పావురాలే లేవు. మూడో ఊళ్లో పెంచేవాడు చేనుకు పోయాడంటే, వచ్చేదాకా వాళ్ల గడప మీద కూర్చున్నాను. పదిన్నరకు సంచిలో పావురంతో తిరిగొస్తుంటే, సిగ్గు విడిచి చెబుతున్నా, గొప్పగా అనిపించింది. నెత్తురు రుద్దారు. వేలు కదిలిందని ఎవరో అన్నారు. కదల్లేదు. అప్పుడు జీపెక్కించాం. ఖమ్మం గంటన్నర దూరం.

డాక్టరు ఆమె చెయ్యి చూసి, "ఈ నెత్తురేంది, యాక్సిడెంటా?" అని అడిగాడు. "పావురంది సార్" అని నేనే చెప్పాను. చెయ్యి ఎప్పుడు పడిపోయిందో అడిగి, గోడ గడియారం చూశాడు. స్కాన్ తీశాక నన్ను పక్కకు పిలిచాడు.

"కొత్తగా ఒక ఇంజక్షన్ వచ్చింది. మెదడులో గడ్డకట్టిన నెత్తురును కరిగిస్తది. అందరికీ పనిచెయ్యదనుకో. కానీ చెయ్యి పడిపోయిన మూడు గంటల లోపలే ఇయ్యాలె. ఇప్పుడిస్తే ప్రాణానికే ముప్పు."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్క బతికింది. మాట పోయింది, చెయ్యి తిరిగి రాలేదు. ఇంజక్షన్ సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చూడవచ్చిన ప్రతివాళ్లకూ అక్క నన్ను చూపించి, ఎడమ చేతిని రెక్కలా ఆడించి, నుదుటికి ఆనించుకునేది. తమ్ముడు పావురం తెచ్చి బతికించాడని చెప్పడం అది. నా నిద్రలో కూడా ఆ చెయ్యే ఆడేది.

మూడేళ్లకు పక్కింటాయన అట్లాగే కుడి చెయ్యి పడిపోయి అరుగు మీద కూలబడ్డాడు. అక్క కాలీడ్చుకుంటూ వచ్చి, నా చొక్కా పట్టుకుని స్కూటరు వైపు లాగింది, చెయ్యి రెక్కలా ఆడించింది. "వద్దక్కా!" అని విదిలించుకున్నాను, గట్టిగానే. ఆయన్ను అంబులెన్సులో తిన్నగా ఖమ్మం తీసుకుపోయాను. ఇంజక్షన్ ఇచ్చారు.

పది రోజులకు ఆయన మా ఇంటికి నడిచి వచ్చి, అక్కకు రెండు చేతులూ జోడించాడు.

"మీ తమ్ముడు టైముకు తీస్కపోయిండమ్మా. మూడు గంటలు దాటితే ఆ సూది ఇయ్యరంట."

అక్క ఆయన కుడి చేతిని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది.

ఆ పైన ఇంకా కొన్నేళ్లు బతికింది. ఆ చేతిని మళ్లీ ఎవరి ముందూ రెక్కలా ఆడించలేదు.