తాడు కట్టిన చెక్క

నిన్న మా అమ్మాయి బ్యాగు సర్దుతుంటే తాడు కట్టిన కార్డు ఒకటి బయటపడింది. ‘నేను తెలుగు మాట్లాడాను’ అని దాని మీద ఇంగ్లీషులో రాసి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మల్కాపురంలో ఇంగ్లీషు మీడియం చదివినవాళ్లూ, గుర్తుందా? మనకది చెక్క. అందరి చెమటా పీల్చిన ఆ తాడు వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. తెలుగు మాట్లాడి దొరికితే మెడలో వేసేవారు. మనం ఇంకొకరిని పట్టిస్తేనే విడుదల. ఆఖరి గంటకు ఎవరి మెడలో ఉంటే వాళ్లను మోకాళ్ల మీద నిలబెట్టేవారు.

ఓ రోజు చెక్క నా మెడలో ఉంది. ఆఖరి గంట కొట్టబోతుండగా, పక్కన కూర్చున్న నూకరత్నాన్ని గట్టిగా గిచ్చాను.

"ఓలమ్మో!" అంది.

చెక్క దాని మెడలోకి మారింది. మోకాళ్ల మీద నిలబడి, "నిన్ను నానేటి సేసానే?" అని ఏడ్చింది. నేను బ్యాగు తగిలించుకుని బయటికి పరిగెత్తాను.

ఇన్నేళ్లకు, దువ్వాడలో నేనే ఏరికోరి చేర్పించిన బడిలో ఆ చెక్క ప్లాస్టిక్ కార్డయింది. రేపే వెళ్లి వాళ్లను కడిగేస్తానని నేను ఊగిపోతుంటే మా అమ్మాయి నవ్వేసింది.

"గొడవెందుకమ్మా? రేపు పక్కదాన్ని గిచ్చేత్తాను. గిచ్చితే ఎవరికైనా తెలుగే వత్తాది."