ట్రిపుల్ ఏ నాగభూషణం

నాగభూషణం గారిని మా ఆఫీసులో చాటుగా ట్రిపుల్ ఏ అనేవాళ్లం. ఢిల్లీలో ఓ కేంద్ర ప్రభుత్వ సంస్థ మాది. ఉద్యోగుల పీఎఫ్ డబ్బును కంపెనీల బాండ్లలో పెట్టడం మా సెక్షన్ పని. కంపెనీల అప్పులకు మార్కులేసే రేటింగ్ సంస్థ లేఖ మొదటి పేజీలో మూడు ఏలు కనిపిస్తేనే ఆయన సంతకం పడేది.

"అప్పు తీర్చడంలో ఇంతకంటే గట్టివాళ్లు లేరని దానర్థం. ఇంకేం చూడాలోయ్?" అనేవారు. పాతికేళ్లు ఆ మొదటి పేజీతోనే గడిపారు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. పక్క టేబుల్ దగ్గర నేనూ అదే చేశాను మరి.

జనక్‌పురిలో ఆయన పై వాటాలో సుభద్ర అద్దెకుండేది. సైన్యంలో హవల్దారుగా ఉండగానే భర్త పోయాడు. వచ్చిన ముప్ఫై లక్షలకు మూడేళ్ల వడ్డీ కలిస్తే ఢిల్లీ పొలిమేరలోని వైశాలిలో చిన్న ఫ్లాటు కొనుక్కుని, కూతురు హాసినితో సొంతింట్లో ఉండాలని ఆమె ఆశ.

"ఎక్కడ పెట్టమంటారన్నయ్యా?" అని అడిగింది.

ఆఫీసు రూలే ఇంటికీ పనికొస్తుందనుకున్నారాయన. మూడు ఏలున్న ఓ ఇళ్ల రుణాలిచ్చే కంపెనీ బాండ్లకు తానే ఫారం నింపిచ్చారు. ఆఫీసులో మేం ఒకే కంపెనీలో ఇంతకు మించి పెట్టకూడదని ఇంకో రూలుంది. అదాయనకు ఇంటి దగ్గర గుర్తు రాలేదు. ముప్ఫై లక్షలూ అందులోనే పోయించారు.

ఏడాది తిరక్కుండానే ఆ కంపెనీ వడ్డీ ఎగ్గొట్టింది. కొద్ది వారాల్లో మూడు ఏలు పోయి డీ వచ్చింది. డీ అంటే బాకీ కట్టలేదని. అంతా అయ్యాక రేటింగ్ సంస్థ ఆ ముక్క చెప్పడమెందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ రోజే ఆయన రేటింగ్ లేఖ చివరి పేజీ చదివారు. ఇది మా అభిప్రాయం మాత్రమే, హామీ కాదు అని చిన్న అక్షరాల్లో ఉంది.

"ఇన్నేళ్లూ ఇది ఇక్కడే ఉందటోయ్," అని నాకు చూపించారు.

రిటైరయ్యాక సుభద్ర మెట్లు దిగే చప్పుడైతే చాలు, లోపలి గదిలోకి వెళ్లిపోయేవారు. కంపెనీ మీద కేసు నాలుగేళ్లు నడిచి, చివరికి ఆమెకు తొమ్మిది లక్షలొచ్చాయి. ఆ ఆదివారం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. సుభద్ర పాస్‌బుక్ పట్టుకుని వచ్చింది. ఆయన లేచి వెళ్లే లోపే ఎదురుగా కూర్చుంది.

"తొమ్మిది పడ్డాయన్నయ్యా. ఫ్లాటు మాట ఎలాగూ లేదు. వీటినెక్కడ పెట్టమంటారు?"

"నన్నా అడుగుతున్నావమ్మా?"

"ఇంకెవర్నడగను? ఈ ఊళ్లో నాకు మీకంటే నమ్మకస్తులెవరున్నారు?"

నాలుగు తిట్టి ఉంటే తట్టుకునేవారేమో. పాస్‌బుక్ ఒళ్లో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు. కాసేపటికి దాన్ని నా చేతికిచ్చి, "నువ్వు చెప్పవోయ్," అన్నారు.

ఆమె మాత్రం ఆయన వైపే చూస్తూ కూర్చుంది.