రేపు రానని చెప్పగల మనిషి

మా పెద్దమ్మ పోయింది. ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని కాసేపు నడుం వాల్చి, మళ్ళీ లేవలేదట. గిద్దలూరులో నేను పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతుంటే వాళ్ళబ్బాయి, నాకు అన్న, ఫోన్ చేశాడు. "అమ్మ పోయినాది పాపా, బయల్దేరు" అన్నాడు. దొరికిన బస్సెక్కి తర్లుపాడు దగ్గరి మా పల్లెకు చేరాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. బడి మెట్లెక్కలేదు. బైబిలు పట్టుకుని, పాస్టరమ్మ పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. చదవడం వచ్చాక ఆమెను పట్టలేకపోయాం. బస్సు బోర్డు, మందుల చీటీ, గోడమీద కాగితం, ఏది కనబడినా పైకి చదివేది. "రాసినోడు ఏం రాసినాడో చూసుకోకుండా వేలిముద్ర వేస్తే మన వేలే మన కంట్లో పొడుస్తాది" అనేది. ఆ మాట నన్ను దెప్పడానికే అనేదని నాకు తెలుసు. నేను చేసిన తప్పు అట్లాంటిది.

అప్పుడు నేను బీఈడీ ముగించి కొత్తగా ఇంటికొచ్చాను. పెద్దమ్మ, పెదనాయన మార్కాపురం దగ్గర పలకల గనిలో పనిచేసేవాళ్ళు. ఎప్పుడో అడ్వాన్సు తీసుకుని చేరారు. చేరడమే గాని మానడం వాళ్ళ చేతిలో లేదు. అట్లాంటివి అక్కడ తొమ్మిది కుటుంబాలు. ఎవరో పిటిషన్ పెడితే ఒక ఆఫీసరు విచారణకు వచ్చాడు. ఆయన గుమాస్తా రాలేదు. "చేతిరాత బాగుండేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అంటే అందరూ నన్ను ముందుకు తోశారు. నేను మురిసిపోయి పెన్ను తీశాను.

ఆఫీసరు ఒక్కొక్కరినీ అడిగాడు. "ఇక్కడ మీతో వెట్టి చేయిస్తున్నారా?"

"అయ్యో లేదు సార్. జీతానికే ఉండాం" అన్నారు ఒకరి తర్వాత ఒకరు.

వెట్టి అంటే తాతల కాలంలో పిలిస్తే పరిగెత్తి ఊరికే చేసిన చాకిరీ. ఆ మాట తమమీద పడటం వాళ్ళకు నామోషీ. జీతం అంటే ఆఫీసరుకు నెల తిరిగితే వచ్చేది. మా పల్లెలో 'జీతానికి ఉన్నాడు' అంటే మాత్రం, ఆసామి వదిలేదాకా ఆ గడప దాటలేని మనిషి అని. ఈ రెండు జీతాల మధ్య పుట్టి పెరిగినదాన్ని నేను. అయినా తొమ్మిది ఇళ్ళకూ ముత్యాల్లాంటి అక్షరాలతో 'జీతం' అని రాశాను. ఆ కాగితం అట్లాగే పోయుంటే విచారణ అక్కడితో సరి. వాళ్ళ బతుకులు ఆ గనిలోనే తెల్లారిపోయేవి.

అప్పటికింకా చదవడం రాని పెద్దమ్మ వేలిముద్ర వెయ్యనంది. "ఏం రాసినావో చదువు పాపా" అంది. చదివాను.

"ఆ మాట కొట్టెయ్."

ఆఫీసరు చిరాకు పడ్డాడు. "జీతం ఇస్తుంటే వెట్టి ఎట్లా అవుతుందమ్మా?"

"సార్, రేపు మీరు ఆఫీసుకు రానంటే ఏమైతాది?"

"సెలవు పెడతాను."

"అసలుకే మానేస్తానంటే?"

"మానేస్తాను. నా ఇష్టం కదా."

"ఆ ముక్కే వీళ్ళను అడగండి. రేపు రానని చెప్పగలవా అని. వెట్టి ఉందా, జీతం ఉందా అని అడగొద్దు."

గని ఆసామి పంపిన మనిషి కుర్చీ వేసుకుని ఎదురుగానే కూర్చున్నాడు. ఆమె అతని వైపు తలైనా తిప్పలేదు. ఆ తెగువ నాకు ఇప్పటికీ రాలేదు. ఆఫీసరు మళ్ళీ మొదటి నుంచి అడిగాడు. ఒకరు తల అడ్డంగా ఊపారు. ఒకరు నేల చూశారు. ఆఖరున పెదనాయన నోరు విప్పాడు.

"ఒకసారి చెప్పినా సార్, మా నాయన చచ్చిపోయినపొద్దు. మట్టి చేసి మధ్యాన్నానికి రమ్మన్నారు. వచ్చినా."

తొమ్మిది చోట్ల నేను రాసింది కొట్టేశాను. ఆఫీసరు కాగితాలు తనవైపు లాక్కుని మిగతాదంతా తనే రాశాడు. కొన్ని నెలలకు తొమ్మిది ఇళ్ళకూ విడుదల పత్రాలు వచ్చాయి.

తర్వాత ఆమె మిరపకోతలకు, శనగ పీకడానికి కూలికి పోయేది. పనిలో ఆమెకు సాటి లేదు. కానీ ఉన్నట్టుండి ఒకరోజు మేస్త్రీతో "రేపు నేను రాను" అనేది. జ్వరమా అంటే కాదు, చుట్టాలా అంటే కాదు. మర్నాడు ఉతికిన చీర కట్టుకుని, వాకిట్లో కూర్చుని వక్కాకు నమిలేది. "ఏంది పెద్దమ్మా, ఊరికే కూచున్నావు?" అంటే, "ఊరికే ఏంది? రానని చెప్పినా గదా, ఆ పనిమీదే ఉండా" అనేది.

నేను సోషల్ టీచరును. తెల్లదొరల కాలంలోనే బానిసను సొత్తుగా కోర్టులు గుర్తించకూడదని చట్టం వచ్చిందని, రాజ్యాంగం బలవంతపు చాకిరీని నేరమందని, డెబ్బై ఆరులో వెట్టి రద్దు చట్టం వచ్చిందని, కనీస కూలి కంటే తక్కువిచ్చి చేయించుకున్నా అది బలవంతపు చాకిరీయేనని ఆ తర్వాత సుప్రీంకోర్టు చెప్పిందని పిల్లలకు చెబుతాను. ఒకసారి ఇదంతా పెద్దమ్మకు వినిపించాను. శ్రద్ధగా విని, "ఇన్నిసార్లు రాసినారంటే, రాసినప్పుడల్లా ఎవరో ఒకరు బయటే మిగిలిపోయినారన్నమాట" అంది. ఇన్నేళ్ళ నా చదువులో నాకు ఆ ముక్క తట్టలేదు. ఆమె మా పెద్దమ్మ అని చెప్పుకోవడం నాకు గర్వం. తరగతిలో పేరు చెప్పకుండా ఏటా చెప్పుకుంటూనే ఉన్నాను.

సోమవారం పొద్దున ఆమెను వాకిట్లో పడుకోబెట్టాం. మిరపకోతల కాలం. కూలీలను తీసుకుపోయే ఆటో రోజూలాగే వచ్చి వీధి మొదట్లో హారన్ కొట్టింది. పెద్దమ్మ చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. మేస్త్రీ దిగి వచ్చి, చూసి, చెప్పులు విడిచాడు. మెల్లగా అడిగాడు.

"సగంమందైనా మధ్యాన్నానికి వస్తారా అక్కా? కాయ రాలిపోతాంది."

పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్న ఆమె తలెత్తింది. "ఈపొద్దు ఎవరం రాము నాయనా."

అతను చెప్పులు తొడుక్కుని వెనుదిరిగాడు. ఆటో ఖాళీగా తిరిగిపోయింది. సాయంత్రం ఆమెను మోసుకుపోతుంటే దారికి అటూ ఇటూ మిరప చేలు ఎర్రగా పండి ఉన్నాయి. ఒక్క చేలో కూడా మనిషి లేడు.