గోడవైపు కిటికీ మీద ఈగలు

మా లేబర్ క్యాంపులో ఎవరైనా దయ్యాల సంగతులు మొదలుపెడితే దుప్పటి ముసుగేసుకుని పడుకునే రకం నేను. ఈ దుబాయ్ బతుకులో ఎనిమిదేళ్లుగా అలాంటివి చాలా విన్నాను, ఒక్కటీ నమ్మలేదు. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్ పక్కనే షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక యార్డులో పనిచేస్తున్నాను. లోపలే మంచం, పొయ్యి, బాత్రూమ్ ఉండే పెద్ద బండ్లుంటాయి, మోటర్‌హోమ్‌లంటారు. వాటిలో చలికాలం ఎడారికీ సముద్రం ఒడ్డుకీ షికారు పోతారు. ఎండాకాలమంతా అవి మా యార్డులో నిలిచి ఉంటాయి. వాటిని తుడవడం, బ్యాటరీలు చూడడం, లోపల పురుగూ పుట్రా చేరకుండా కాపాడడం నా పని.

కరోనా తగ్గాక వచ్చిన ఎండాకాలంలో ఒక తెల్ల మోటర్‌హోమ్ వచ్చింది. యజమాని భార్యతో కలిసి తమ దేశానికి వెళ్తూ తాళం మాకిచ్చాడు. దాన్ని యార్డు చివర, ప్రహరీ గోడకు రెండడుగుల ఎడంలో నిలబెట్టాము.

రెండు వారాలకు లోపల ఈగలు కనిపించాయి. నల్లవి, పెద్దవి, ఓ ఇరవై ముప్ఫై. మందు కొట్టి ఊడ్చేశాను. మర్నాడు పొద్దున మళ్లీ అన్నే ఉన్నాయి.

మూసి ఉన్న బండిలో ఈగలు పుడితే ఎక్కడో ఎలుకో బల్లో చచ్చి ఉంటుంది. పరుపు ఎత్తి చూశాను. ఫ్రిజ్ వెనక, సింకు గొట్టంలో, పైకప్పు గాలికిటికీలో వెతికాను. ఏమీ లేదు, వాసన కూడా లేదు. ఉన్న కంతలన్నిటికీ టేపు అంటించాను. అయినా వచ్చాయి.

నాకు అంతుపట్టనిది అవి వాలే చోటు. ఈగ ఎప్పుడూ వెలుతురు వైపే పోతుంది. బండి ముందు అద్దం నిండా ఎండ. అక్కడ ఒక్కటీ వాలలేదు. అన్నీ గోడవైపున్న చిన్న కిటికీ మీదే, తెర వెనక మసకలో ఉండేవి. తలుపు బార్లా తెరిచినా బయటికి పోయేవి కావు.

మధ్యలో నాలుగు రోజులు ఒక్క ఈగా లేదు. పని అయిపోయిందని ముదీర్‌కు, అంటే మా మేనేజర్‌కు, చెప్పాను కూడా. అయిదో రోజు మళ్లీ వచ్చాయి. ఆయనకు కోపం వచ్చింది. "గాడీలో మళ్లీ మక్ఖీ కనిపిస్తే నీ నౌకరీ ఖలాస్" అని హిందీలో తిట్టాడు.

మా యార్డు వెల్డర్ గంగారాం అన్న గురించి చెప్పాలి. నిర్మల్ వైపు మనిషి, యాభై దాటాయి. నేను కొత్తగా వచ్చి అన్నం ముట్టకుండా కూర్చున్న రోజుల్లో పక్కన కూర్చుని తినిపించినవాడు. ఆ నెల మాత్రం నాతో మాటలు తగ్గించాడు. మధ్యాహ్నం ఎండకు పని ఆపి అందరం ఏసీ గదిలో పడుకుంటే ఆయన ఎటో పోయేవాడు. అడిగితే, "ఇంటోళ్లతోని ఫోన్ మాట్లాడుతున్న తమ్మీ" అన్నాడు. నా మీద ఏదో మనసులో పెట్టుకున్నాడని నేనూ బిగుసుకుని ఊరుకున్నాను.

ఒకరోజు, సాయంత్రం ఆ బండి చూడడానికి యజమాని స్నేహితుడు వస్తున్నాడని ముదీర్ చెప్పాడు. మిగతావాళ్లు పడుకున్న వేళ నేను బకెట్టు పట్టుకుని బండెక్కాను.

తెర తీశాను. అద్దం కనిపించలేదు. ఈగల మీద ఈగలు, నల్లగా అట్టకట్టి ఉన్నాయి. తడిగుడ్డతో అదిలిస్తే లేవలేదు. గుడ్డతో పక్కకు తోశాను. జానెడు అద్దం బయటపడింది. అందులోంచి కిందికి చూస్తే బూటు, దాని పక్కన చెయ్యి కనిపించాయి.

గంగారాం అన్న బండికీ గోడకూ మధ్య సందులో ఒక పక్కకు పడి ఉన్నాడు. ఎలా దిగానో గుర్తు లేదు. చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చాను. పెదవులు నల్లబడ్డాయి. నా అరుపులకు అందరూ లేచొచ్చారు. అంబులెన్స్ వచ్చేదాకా తలమీద నీళ్లు పోస్తూ, "అన్నా, అన్నా" అని పిలుస్తూనే ఉన్నాను.

గుండెపోటు అన్నారు. వార్డులో నర్సమ్మ అమలాపురం ఆవిడ. "ఈయన్ని ముందు చూసిందెవరండీ?" అని అడిగింది.

"నేనేనమ్మా."

"దేవుడే చూపించాడనుకోండి. ఆ ఎండలో ఇంకాసేపుంటే మనిషి దక్కేవాడు కాదండీ."



మూడో రోజు గంగారాం అన్న నోరు విప్పాడు. "నెల దినాల సంది ఛాతిల నొస్తుండె తమ్మీ. ముదీర్‌కు తెలిస్తే వీసా కేన్సిల్ జేసి పంపుతడు. ఇల్లు సగంల ఉన్నది. గా సందుల నీడ ఉంటది, ఎవ్వరు జూడరు. నొప్పి తగ్గేదాంక ఆడ గూసునేటోన్ని."

"రోజూ అక్కడికే పోయినవా?"

"రోజు. రాస్ అల్ ఖైమా ఊర్ల పని వడ్డ నాలుగు దినాలు తప్ప."

ఈగలు రానివి ఆ నాలుగు రోజులే.

ఆ రోజు ఆసుపత్రి నుంచి రాగానే బండి తెరిచి చూశాను. కిటికీ శుభ్రంగా ఉంది. కింద ఒక్క చచ్చిన ఈగ కూడా లేదు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

చెమట వాసనకు వచ్చి ఉంటాయని మా ఎలక్ట్రీషియన్ అన్నాడు. వస్తే అద్దం బయట వాలాలి కదా, మూసిన బండి లోపలికి ఎలా వస్తాయి? చలికాలం యజమాని తిరిగొచ్చాక మెల్లగా అడిగాను, ఆ బండిలో ఎప్పుడైనా ఎవరికైనా ఏమైనా అయిందా అని. ఆయన నవ్వి, కొత్తగా కొన్నదే, ఏమీ కాలేదన్నాడు. ఎవరైనా పోయి ఉంటే కనీసం చెప్పుకోవడానికి ఒక కథైనా దొరికేది. అదీ లేదు.

గంగారాం అన్న ఊరికి బయల్దేరే ముందు ఆయనకు ఈగల సంగతంతా చెప్పాను. "ఎవ్వరికి జెప్పలె తమ్మీ నేను. దేవునికి గూడ జెప్పలె" అన్నాడు.

ఇప్పుడు ఊళ్లో మందులు వాడుతూ బాగానే ఉన్నాడు. ఆ ఈగలు ఎక్కడివో నాకు ఈ రోజుకీ తెలియదు. నాకు తెలిసిందల్లా ఒకటే. పక్కపక్కనే పనిచేస్తూ, నెల రోజులు ఆయన మొహం చూసి కూడా నేను పోల్చుకోలేనిది వాటికి తెలిసింది.